మెట్ల దీపం ఎందుకు ఆరడం లేదు: 555 రెండో పిన్ సంగతి

మీరు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మూడంతస్తుల ఇంట్లో మెట్ల దీపం కోసం ఎన్‌ఈ555 అనే ఎనిమిది పిన్‌ల ఐసీతో టైమర్ తయారుచేశారు. 12 వోల్టుల అడాప్టర్, టైమింగ్‌కు 1 మెగా ఓమ్ రెసిస్టర్, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్, అవుట్‌పుట్ అయిన మూడో పిన్ మీద దీపాన్ని వెలిగించే రిలే. రెండో పిన్ నుంచి 12 వోల్టులకు మరో 1 మెగా ఓమ్, అదే పిన్ నుంచి గ్రౌండుకు బటన్, బటన్‌కు అడ్డంగా 104, అంటే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్. కింది అంతస్తు బటన్‌కు ఎనిమిది మీటర్ల తీగ. నొక్కి వదిలితే సుమారు రెండు నిమిషాలు వెలిగి ఆరుతోంది. కానీ పిల్లలు బటన్ నొక్కి పట్టుకుంటే ఆరడం లేదు. కరెంటు పోయి వస్తే ఎవరూ నొక్కకుండానే వెలుగుతోంది. పంపు మోటారు వేసినప్పుడూ వెలుగుతోంది. విసుగు పుట్టి, బటన్‌నూ దాని రెసిస్టర్‌నూ తీసేసి, మనిషి కదలికను పసిగట్టే పీఐఆర్ సెన్సర్ పెడితే అసలు ఆరడమే మానేసింది. ఐసీ పోయిందేమోనని రెండు మార్చి చూశారు, ఫలితం లేదు.

ఐసీలు పోలేదు, ఆ రెండూ దాచుకోండి. నాలుగు జబ్బులకు నాలుగు మందులు వెతుకుతున్నారు గానీ, నాలుగూ పుట్టింది రెండో పిన్ దగ్గరే. ఆ పిన్ దేన్ని చూస్తుందో ఒకసారి మనసుకు పట్టిందంటే మిగతాదంతా లెక్కే.

555 లోపల 5 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు మూడు వరసగా ఉంటాయి. సప్లై వోల్టేజీని అవి మూడు సమాన భాగాలు చేస్తాయి. మీ 12 వోల్టుల్లో ఆ గీతలు 4 వోల్టుల దగ్గర ఒకటి, 8 వోల్టుల దగ్గర ఒకటి పడతాయి. రెండో పిన్ 4 కంటే కిందికి దిగితే అవుట్‌పుట్ పైకి లేస్తుంది. ఆరో పిన్ 8 దాటితే అవుట్‌పుట్ పడిపోతుంది, ఏడో పిన్ టైమింగ్ కెపాసిటర్‌ను ఖాళీ చేస్తుంది. (మూడు 5కె రెసిస్టర్ల వల్లే 555 అనే పేరు వచ్చిందని ల్యాబుల్లో ఇప్పటికీ చెబుతుంటారు, నేనూ కొన్నేళ్లు పిల్లలకు అదే చెప్పాను. 1971లో దీన్ని సిగ్నెటిక్స్ కంపెనీ కోసం రూపొందించిన హాన్స్ కామెన్‌జింద్ మాత్రం ఆ అంకెను కంపెనీ మార్కెటింగ్ మేనేజరు తన ఇష్టం కొద్దీ పెట్టాడని చెప్పాడు. మంచి కథ ఒకటి పోయింది.)

ఇంటి మీద నీళ్ల ట్యాంకుకు ఆటోమేటిక్ కంట్రోలర్ పెట్టించుకున్నవాళ్లకు ఇది ఇంకా తేలిగ్గా పడుతుంది. ట్యాంకులో కింద ఒక ఫ్లోట్, పైన ఒక ఫ్లోట్. నీళ్లు కింది ఫ్లోట్‌కు దిగగానే మోటారు మొదలు, పై ఫ్లోట్‌ను తాకగానే బంద్. ఎస్టేబుల్ సర్క్యూట్‌లో, అంటే దీపం దానంతట అది మిణుకుమిణుకుమనే పద్ధతిలో, రెండు ఫ్లోట్‌లూ ఒకే ట్యాంకులో ఉంటాయి. మీరు చేసిన మోనోస్టేబుల్‌లో, అంటే ఒకసారి వెలిగి కాసేపటికి ఆరే పద్ధతిలో, కింది ఫ్లోట్‌ను ట్యాంకులోంచి బయటికి తీసి మీ చేతికి ఇచ్చారు. దాన్ని కిందికి వంచి పట్టుకున్నంతసేపూ నీళ్లు అయిపోయాయనే అది చెబుతూ ఉంటుంది. ట్యాంకు నిండి పొర్లుతున్నా మోటారు ఆగదు, ఎందుకంటే 555లో పై ఫ్లోట్ మాట కంటే కింది ఫ్లోట్ మాటకే బలం ఎక్కువ. ఆ రెండింటినీ మించినది నాలుగో పిన్. దాన్ని దించితే ఎవరేం చెప్పినా అవుట్‌పుట్ పడిపోవాల్సిందే.

ఈ క్రమాన్ని కాగితం మీద రాసి బల్ల ముందు అంటించుకోండి: ముందు రీసెట్ (నాలుగో పిన్), తర్వాత ట్రిగ్గర్ (రెండో పిన్), ఆఖరున త్రెషోల్డ్ (ఆరో పిన్).

ఒక చిన్న పరీక్ష చేయండి. 100 మైక్రోఫారడ్ తీసి 4.7 మైక్రోఫారడ్ పెట్టండి. వ్యవధి అంటే 1.1 × రెసిస్టర్ × కెపాసిటర్ కాబట్టి అయిదు సెకన్లకు కాస్త పైన వస్తుంది, పరీక్షలన్నీ దీంతోనే చేయండి. ప్రతిసారీ రెండు నిమిషాలు కూర్చుంటే ఓపిక ముందు ఆరిపోతుంది. ఇప్పుడు బటన్ నొక్కి పది సెకన్లు పట్టుకుని వదలండి. వేలు తీసిన మరుక్షణమే దీపం ఆరుతుంది, మళ్లీ అయిదు సెకన్లు లెక్కపెట్టదు. కెపాసిటర్ ఎప్పుడో 8 వోల్టులు దాటి నిండిపోయి కూర్చుంది, రెండో పిన్ లేస్తుందా అని ఎదురుచూస్తోందంతే. మీ పిల్లలు బటన్ వదిలినప్పుడూ ఇదే జరిగి ఉంటుంది.

కాబట్టి రెండో పిన్‌కు కావాల్సింది కొద్దిసేపు మాత్రమే దిగి, వ్యవధి పూర్తికాకముందే తిరిగి లేచే పల్స్. ఎంతసేపు బటన్ నొక్కి ఉంచినా పిన్‌కు చేరేది ఆ చిన్న పల్స్ ఒక్కటే కావాలి. దీనికి బటన్‌కూ పిన్‌కూ మధ్య ఒక కెపాసిటర్ పెడతాం. కెపాసిటర్‌కు రెండు వైపులా ఒక్కో పుల్-అప్ రెసిస్టర్, అంటే 12 వోల్టుల వైపు పైకి లాగి ఉంచేది, ఉండాలి, ఒకటి రెండో పిన్ వైపు, ఒకటి బటన్ వైపు. పిన్ వైపు ఒక డయోడ్. మీ సర్క్యూట్‌కు నేను పెట్టే విలువలు: రెండు రెసిస్టర్లూ 10కె, కెపాసిటర్ 105, అంటే 1 మైక్రోఫారడ్, ప్లస్ మైనస్ లేని రకం. డయోడ్ 1ఎన్4148, గీత ఉన్న కొస 12 వోల్టుల వైపు, రెండో కొస రెండో పిన్‌కు. మీ పాత 1 మెగా ఓమ్ రెసిస్టర్‌నూ, బటన్‌కు అడ్డంగా ఉన్న 104నూ తీసేయాలి.

జరిగేది ఇది. ఎవరూ నొక్కనప్పుడు కెపాసిటర్‌కు రెండు వైపులా 12 వోల్టులే, దాని మీద ఏమీ లేదు. బటన్ నొక్కగానే ఆ వైపు సున్నాకు పడుతుంది, దాంతోపాటే పిన్ వైపూ సున్నాకు పడుతుంది. అక్కడి నుంచి పిన్ వైపు 10కె దాన్ని మెల్లగా పైకి లాగుతుంది. 4 వోల్టులకు చేరడానికి పట్టే సమయం రెసిస్టర్, కెపాసిటర్ లబ్ధంలో సుమారు 0.4 వంతు. 10కె, 1 మైక్రోఫారడ్ లబ్ధం 10 మిల్లీసెకన్లు కాబట్టి, పిన్ సుమారు 4 మిల్లీసెకన్లు కింద ఉండి లేచిపోతుంది. ఆ తర్వాత మీ అబ్బాయి బటన్‌కు వీపు ఆనించి గంట నిలబడినా రెండో పిన్‌కు పట్టదు.

బటన్ వైపు పుల్-అప్ ఎందుకని మీరు అడగకపోయినా చెబుతాను, ఎందుకంటే దాన్ని వదిలేసి ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నవాణ్ణి. పాలిటెక్నిక్ ల్యాబులో చేరిన కొత్తలో ఒక బజర్ టైమర్ చేస్తున్నాను. పిన్ వైపు రెసిస్టర్ ఉంది కదా, ఇంకొకటి దండగ అనుకున్నాను. నొక్కితే బజర్ మోగింది. ఆగాక మళ్లీ నొక్కితే మోగలేదు. కాసేపు ఆగి నొక్కితే మళ్లీ ఒకసారి మోగింది, తర్వాత మళ్లీ మౌనం. ఆ మధ్యలో ఒకసారి మోగడమే నన్ను ముంచింది. అసలు మోగకపోతే వైరింగు చూసుకునేవాణ్ణి. అప్పుడప్పుడు మోగుతోంది కనుక ఐసీ తప్పని, బ్రెడ్‌బోర్డు తప్పని, బటన్ తప్పని ఒక్కొక్కటీ మారుస్తూ పోయాను. చివరికి మల్టీమీటర్‌ను కెపాసిటర్‌కు అడ్డంగా పెట్టి చూస్తే దాని మీద వోల్టేజీ అలాగే నిలిచి ఉంది. బటన్ వదిలాక ఆ వైపు తీగ గాలిలో వేలాడుతోంది, కెపాసిటర్ ఖాళీ కావడానికి దారే లేదు. రెండోసారి నొక్కితే బటన్ వైపు అప్పటికే సున్నాలో ఉంది, ఇక పడడానికి ఏముంటుంది? దానంతట అది మెల్లగా లీకై ఖాళీ అయినప్పుడు మాత్రం ఒకసారి మోగేది. మీటరు పెట్టి చూడడంతోనే కొంత ఖాళీ అయి, ఆ తర్వాత నొక్కితే మోగింది కూడా, అది మరో పావుగంట తికమక.

డయోడ్ విషయం. బటన్ నొక్కి ఉన్నప్పుడు కెపాసిటర్ మీద 12 వోల్టులు నిలుస్తాయి. వదిలిన క్షణంలో రెండు 10కెలూ దాన్ని సమంగా పంచుకుంటాయి, బటన్ వైపు 6 వోల్టులకు లేస్తే పిన్ వైపు 18కి ఎగురుతుంది. 555 ఇన్‌పుట్ పిన్‌లు సప్లై వోల్టేజీని దాటకూడదని డేటాషీట్ గట్టిగానే చెబుతుంది. డయోడ్ ఉంటే అది 12.6 దగ్గర ఆగుతుంది. చాలా సర్క్యూట్ బొమ్మల్లో డయోడ్ ఉండదు, అయినా సర్క్యూట్ పనిచేస్తూనే ఉంటుంది. రూపాయి వస్తువును మిగుల్చుకోవడానికి ఐసీతో పందెం కాయడం నాకు నచ్చదు.

ఇక కెపాసిటర్ విలువ. చాలా బొమ్మల్లో ఇక్కడ 103 లేదా 104 చూపిస్తారు. ట్రిగ్గర్ కావడానికి అవి బ్రహ్మాండంగా సరిపోతాయి, 555కు మైక్రోసెకన్ల పల్స్ చాలు. చిక్కు బటన్ వదిలేటప్పుడు వస్తుంది. బటన్ లోపలి రేకు ఒక్కసారిగా విడిపోదు, కొన్ని మిల్లీసెకన్లపాటు అదురుతూ తాకుతూ విడిపోతుంది. నొక్కేటప్పటి అదురుతో నష్టం లేదు, దీపం అప్పటికే వెలిగి ఉంటుంది. కానీ ఎవరైనా రెండు నిమిషాలు దాటేదాకా నొక్కి ఉంచి, దీపం ఆరాక వదిలితే? 103 వాడి ఉంటే అది పదోవంతు మిల్లీసెకనులో కోలుకుని మళ్లీ సిద్ధంగా ఉంటుంది. అదురులో రేకు ఇంకోసారి తాకగానే కొత్తగా ట్రిగ్గర్ అవుతుంది. మీరు వేలు తీస్తే దీపం వెలుగుతుందన్నమాట, చూసినవాళ్లు దయ్యం అంటారు. 105 వాడితే, కెపాసిటర్ మీది 12 వోల్టులు 4కు దిగడానికి సుమారు 12 మిల్లీసెకన్లు పడుతుంది. అంతలోపు రేకు ఎన్నిసార్లు తాకినా పిన్ 4 కంటే కిందికి రాదు. మామూలు బటన్ల అదురు ఆ లోపే సద్దుమణుగుతుంది. అరిగిపోయిన పాత కాలింగ్ బెల్ బటన్ అయితే ముందు బటన్ మార్చండి.

ఇప్పుడు పీఐఆర్. మీరు వాడిన హెచ్‌సీ-ఎస్‌ఆర్501 లాంటి మాడ్యూల్ కదలిక లేనప్పుడు సున్నా, కదలిక ఉన్నప్పుడు 3.3 వోల్టులు ఇస్తుంది. మొదటి తప్పు అందరికీ కనిపించేదే, 555కు కావాల్సింది దానికి తలకిందులు. రెండో తప్పు కాస్త లోతైనది. 3.3 కూడా 4 కంటే తక్కువే. సెన్సర్ సున్నా ఇచ్చినా, 3.3 ఇచ్చినా రెండో పిన్‌కు రెండూ ఒకటే, రెండూ గీత కిందే ఉన్నాయి. ఇక దీపం ఎలా ఆరుతుంది? 5 వోల్టుల మైక్రోకంట్రోలర్ బోర్డు పిన్‌ను కెపాసిటర్ ద్వారా 12 వోల్టుల 555కు కలిపేవాళ్లకు దీనికి సరిగ్గా ఎదురు చిక్కు వస్తుంది. పిన్ 12 నుంచి 4 కిందికి రావాలంటే 8 వోల్టులకు మించిన పతనం కావాలి. 5 వోల్టుల సిగ్నల్ పడేదే 5 వోల్టులు, పిన్ 7 దగ్గరే ఆగిపోతుంది. అక్కడ దీపం ఎప్పటికీ వెలగదు.

రెండు చోట్లా మందు ఒకటే, మధ్యలో ఒక బీసీ547 ట్రాన్సిస్టర్. సెన్సర్ అవుట్‌పుట్ నుంచి 10కె ద్వారా బేస్‌కు, ఎమిటర్ గ్రౌండుకు, కలెక్టర్ రెండో పిన్‌కు. రెండో పిన్ నుంచి 12 వోల్టులకు 10కె ఎలాగూ ఉంది. కదలిక ఉంటే ట్రాన్సిస్టర్ పిన్‌ను సున్నాకు లాగుతుంది, లేకపోతే పిన్ 12 దగ్గర ఉంటుంది. మధ్యలో 3.3 ప్రసక్తే లేదు.

మైక్రోకంట్రోలర్‌కైతే ఈ కలెక్టర్ తర్వాత పైన చెప్పిన కెపాసిటర్‌ను పెట్టుకోవచ్చు. మెట్ల దగ్గరి పీఐఆర్‌కు మాత్రం పెట్టకండి. బటన్ నొక్కి పట్టుకోవడం తప్పు అన్నాం, కానీ మనిషి కదులుతూ ఉండడం తప్పు కాదు. పెద్దావిడ ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కుతుంటే, మొదటి కదలిక నుంచి లెక్కపెట్టి నడి మెట్ల మీద దీపం ఆర్పేయడం ఏం న్యాయం? ఆఖరి కదలిక నుంచి లెక్క మొదలవ్వాలి. ఇందాక తిట్టుకున్న గుణమే ఇక్కడ పనికొస్తుంది. రెండో పిన్ కింద ఉన్నంతసేపూ దీపం ఆరదు కదా, ఉండనివ్వండి. ఒక్కటే లోటు: ఆ సమయంలో టైమింగ్ కెపాసిటర్ నిండిపోతూ ఉంటుంది, సెన్సర్ వదలగానే దీపం టక్కున ఆరే ప్రమాదం ఉంది. దాన్ని కూడా అప్పుడే ఖాళీ చేస్తే సరి. టైమింగ్ కెపాసిటర్ ప్లస్ నుంచి 470 ఓమ్‌ల రెసిస్టర్, దాని తర్వాత ఒక 1ఎన్4148, గీత ఉన్న కొస రెండో పిన్ వైపు. పిన్ కింద ఉన్నంతసేపూ కెపాసిటర్ ఈ దారిలో ఖాళీ అయి ఉంటుంది. పిన్ లేచాక డయోడ్ మూసుకుపోతుంది, లెక్క మళ్లీ మొదటి నుంచి. సరిగ్గా సున్నా నుంచి కాదు, డయోడ్ దగ్గర అర వోల్టు పైన మిగులుతుంది, అందువల్ల 110 సెకన్లలో ఓ అయిదు తగ్గుతాయి. మెట్ల దీపానికి అదేమీ లెక్కలోది కాదు. ఎలాగూ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ మీద రాసిన విలువకూ అసలు విలువకూ ఉండే తేడా అంతకంటే ఎక్కువే.

బటన్‌ను కూడా ఉంచుకోవాలంటే ఉంచుకోండి. బటన్ నుంచి వచ్చే 105, ట్రాన్సిస్టర్ కలెక్టర్ రెండూ రెండో పిన్ దగ్గర కలిసినా గొడవ పడవు.

కరెంటు వచ్చినప్పుడు దానంతట అది వెలగడం గురించి. మీ పాత సర్క్యూట్‌లో దీనికి కారణం ఆ 104. బటన్ అదురు పోవాలని పెట్టారు, ఉద్దేశం మంచిదే. కానీ కరెంటు రాగానే అది ఖాళీగా ఉంటుంది, 1 మెగా ఓమ్ దాన్ని 4 వోల్టులకు నింపేసరికి 40 మిల్లీసెకన్లు పడుతుంది. అంతసేపూ రెండో పిన్ గీత కిందే. అంటే కరెంటు వచ్చిన ప్రతిసారీ సర్క్యూటే బటన్ నొక్కుకుంటోంది. నాలుగో పిన్ నుంచి 12 వోల్టులకు 10కె, గ్రౌండుకు 1 మైక్రోఫారడ్ పెట్టమని ఎవరో చెబితే పెట్టానని, ఏ మార్పూ లేదని రాశారు. మార్పు ఎలా ఉంటుంది? నాలుగో పిన్ రీసెట్‌లో ఉండేది అది సుమారు 0.7 వోల్టులకు చేరేదాకా మాత్రమే. పైగా ఎన్‌ఈ555లో ఆ పిన్ నుంచే కొద్దిపాటి కరెంటు బయటికి వచ్చి కెపాసిటర్‌ను ఇంకా తొందరగా నింపుతుంది. 1 మైక్రోఫారడ్‌తో అర మిల్లీసెకనులోనే రీసెట్ వదిలేస్తుంది. రెండో పిన్ ఇంకా 39 మిల్లీసెకన్లు కిందే ఉంది. కాపలావాడు ముందే ఇంటికి వెళ్లిపోయాడు.

కొత్త అమరికలో 105కు రెండు వైపులా పుల్-అప్‌లు ఉన్నాయి కాబట్టి కరెంటు రాగానే రెండు కొసలూ కలిసే పైకి లేస్తాయి, పిన్ ఆలస్యం కాదు. చాలామందికి దీంతోనే జబ్బు పోతుంది. అయినా అడాప్టర్ 12 వోల్టులకు మెల్లగా ఎక్కే రకమైతే 555 ఏ స్థితిలో నిద్ర లేస్తుందో నమ్మకం లేదు. కాబట్టి నాలుగో పిన్‌కు 10కె అలాగే ఉంచి, కెపాసిటర్‌ను 47 మైక్రోఫారడ్ చేయండి, సుమారు 20 మిల్లీసెకన్ల కాపలా దొరుకుతుంది. చాలకపోతే 100. నాలుగో పిన్ నుంచి ఎనిమిదో పిన్‌కు ఇంకో డయోడ్, గీత ఎనిమిది వైపు. కరెంటు రెప్పపాటు పోయి వచ్చినప్పుడు ఈ కెపాసిటర్ ఖాళీ కాకపోతే రీసెట్ పనిచేయదు, ఖాళీ కావడానికే ఆ డయోడ్. పీఐఆర్ ఉన్నప్పుడు మాత్రం ఒక మినహాయింపు: ఆ మాడ్యూల్ కరెంటు వచ్చాక నిమిషంపాటు కుదురుకుంటుంది, ఆ లోపు ఉత్తుత్తి కదలికలు చూపిస్తుంది. అప్పుడు దీపం వెలిగితే 555ను తిట్టకండి.

ఆఖరుకు పంపు మోటారు. రెండో పిన్ తీసుకునే కరెంటు మైక్రోఆంపియర్‌లో సగం. అంత సున్నితమైన పిన్‌కు 1 మెగా ఓమ్ పుల్-అప్ కట్టి, ఎనిమిది మీటర్ల తీగ తగిలిస్తే అది బటన్ తీగ కాదు, రేడియో ఏరియల్. నమ్మకం లేకపోతే బ్రెడ్‌బోర్డు మీద రెండో పిన్‌ను దేనికీ కలపకుండా వదిలి, చిన్న తీగ ముక్క గుచ్చి వేలితో తాకండి, ఇంట్లోని 50 హెర్ట్జ్ రొదకే ట్రిగ్గర్ అవుతుంది. పిల్లల పుస్తకాల్లో టచ్ స్విచ్ అని చూపించేది ఇదే. ఇప్పుడు 10కె పెట్టాం కాబట్టి బెడద చాలావరకు తగ్గుతుంది. ఇంకా కావాలంటే బటన్ తీగల రెంటినీ ఒకదాని చుట్టూ ఒకటి మెలిపెట్టండి. ఆ తీగను 230 వోల్టుల వైరింగు పైపులోనే లాగి ఉంటే మాత్రం బయటికి తీసి వేరే దారిలో తీసుకెళ్లండి. ఇది రొద కోసం చెప్పడం లేదు. అక్కడ ఇన్సులేషన్ ఎక్కడైనా చెడితే, పిల్లలు వేలు పెట్టే బటన్ దాకా మెయిన్స్ వస్తుంది.

ఐసీకి ఆనుకుని ఎనిమిదో పిన్‌కూ (సప్లై) ఒకటో పిన్‌కూ (గ్రౌండు) మధ్య ఒక 104, పక్కనే 100 మైక్రోఫారడ్, అయిదో పిన్ నుంచి గ్రౌండుకు 103. ఇవి లేకుండా 555 బోర్డు చేయకూడదు, అంతే. రిలే కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్ ఉందో లేదో మీరు రాయలేదు, లేకపోతే ఈరోజే పెట్టండి. కరెంటు తక్కువ తాగుతుందని 7555 లాంటి సీమాస్ రకానికి మారే ఆలోచన ఉంటే, అది రిలేను నేరుగా లాగలేదు, ట్రాన్సిస్టర్ కావాలి.

ఇవన్నీ చేశాక కూడా మోటారు వేస్తే దీపం వెలిగితే, బోర్డు దగ్గర బటన్ తీగను విప్పేసి, సెన్సర్ కూడా తీసేసి మోటారు వేయించండి. మీరు బోర్డు దగ్గర ఉండండి, మోటారు స్విచ్ దగ్గర ఇంకొకరు, పదిసార్లు వేసి ఆపాలి. వెలగడం ఆగిందంటే రొద తీగ మీదుగా వస్తోంది, తీగ దారి మార్చాలి. అప్పటికీ వెలుగుతోందంటే సప్లై నుంచి వస్తోంది. అప్పుడు అడాప్టర్ బదులు చిన్న 12 వోల్టుల బ్యాటరీ పెట్టి మళ్లీ పదిసార్లు చూడండి. బ్యాటరీతో ఆగితే అడాప్టర్ మార్చండి, లేదా దాన్ని మోటారు లేని లైను నుంచి తీసుకోండి. మోటారుతో సంబంధం లేకుండా దీపం ఆరిన వెంటనే మళ్లీ వెలుగుతుంటే అది మీ రిలే కాంటాక్టుల దగ్గరి నిప్పురవ్వ. కాంటాక్టులకు అడ్డంగా 100 ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ వరసగా పెట్టాలి, కెపాసిటర్ మీద ఎక్స్2, 275 వోల్ట్స్ ఏసీ అని ముద్రించి ఉన్నదే కొనండి. ఎల్‌ఈడీ బల్బు అయితే ఆరాక కూడా సన్నగా మినుకుతుందేమో చూడండి. ఈ కెపాసిటర్ గుండా వచ్చే కాస్త కరెంటుకే అలా అవుతుంది. అలాంటప్పుడు ఆ రెసిస్టర్‌నూ కెపాసిటర్‌నూ కలిపే కాంటాక్టుల మీద నుంచి తీసి, బల్బుకు అడ్డంగా పెట్టండి.